కలిపిన గీత

సోమవారం పొద్దున పల్లపు వీధి వాళ్లు పాతికమంది దాకా డ్రైనేజీ ఆఫీసుకి వచ్చారు. అందరి చేతుల్లోనూ ఒకే రకం నోటీసు. పెద్ద ఇంజనీరు మీటింగులో ఉన్నారని బంట్రోతు చెప్పడంతో వరండాలోనే కూలబడ్డారు. కాసేపటికి వాళ్లలో ఒకావిడ లేచి, ఎవరినీ అడక్కుండా డ్రాయింగు గదిలోకి వచ్చి, ట్రేసరమ్మ బల్ల ముందు నిలబడింది.

ట్రేసరమ్మ అసలు పేరు ఆఫీసులో సగంమందికి తెలియదు. పాత పటాలకి నకళ్లు తీయడం ఆమె పని. ఒకప్పుడు గాజుబల్ల కింద దీపం వెలిగించి, పల్చటి కాగితం పరిచి, సిరా కలంతో గీసేది. ఇప్పుడు కంప్యూటర్లో గీస్తోంది. చెయ్యి మాత్రం ఇంకా అలాగే, మణికట్టు బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి కదులుతుంది.

వచ్చినావిడది ఇస్త్రీ పని అని ముంజేతి మీది కాలిన మచ్చలే చెబుతున్నాయి. ఆమె నోటీసు బల్ల మీద పెట్టి, చొక్కా మడత సరిచేసినట్టు దాని మడతలు అరచేత్తో సాపు చేసింది.

"ఇందులో మా ఇల్లెక్కడుందో చూపించమ్మా," అంది.

నోటీసు వెనక చిన్న పటం ఉంది. కొండ దిగువ నుంచి ఒక నీలం గీత తిన్నగా వచ్చి, పల్లపు వీధి కిందుగా పోయి, తూర్పు కాలవలో కలుస్తుంది. అది భూమి లోపలి పాత కాలవ. గీతకి అటూ ఇటూ ఎర్రరంగు. ఆ ఎరుపులో ముప్పై ఎనిమిది చిన్న గళ్లు. ట్రేసరమ్మ పెన్ను మొనతో ఒక గడిని చూపించింది. ఇస్త్రీ ఆమె దాని మీద వేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. నిరుడు కురిసిన వానకి ఇంట్లో నడుం లోతు నీళ్లొచ్చాయి. ఇస్త్రీ బల్ల కొట్టుకుపోయింది. ఇస్త్రీకిచ్చిన ఊరివాళ్ల బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని రాత్రంతా నిలబడ్డారు. ఇప్పుడు ఆ నీళ్లకి అడ్డం తమ ఇళ్లేనని, నెలలోగా ఖాళీ చెయ్యాలని కాగితం వచ్చింది. ఆ ఇంటికి పునాది తవ్వినప్పుడు తనూ తట్ట మోసింది. ఛాతీ లోతు తవ్వారు. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. కాలవా లేదు, కాలవ ఇటుకా లేదు.

"ఈ గీత ఎవరు గీశారమ్మా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలనే ఉంది.

"ఆఫీసులో గీశారు," అంది ట్రేసరమ్మ.

ఇస్త్రీ ఆమె తలాడించి, నోటీసు మళ్లీ అదే మడతల్లో మడిచి వెళ్లిపోయింది. ట్రేసరమ్మ కంప్యూటర్ వైపు తిరిగింది కానీ ఆ రోజంతా ఒక్క గీతా ముందుకి సాగలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక ఆమె పాత రికార్డుల గదికి వెళ్లి, రేకు గొట్టంలోంచి ఒక గుడ్డ పటం బయటికి తీసింది. నూరేళ్ల పైబడిన పటం. నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు పుస్తకాలు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుంది. తను వెతికినది మధ్యలోనే ఉంది. రెండు జానల మేర చెదలు తినేసిన చిల్లు. కొండ వైపు నుంచి వచ్చిన సిరా గీత చిల్లు అంచున తెగిపోయింది. ఊరి కిందుగా, తూర్పు కాలవ పక్కన, ఇంకో గీత మొదలవుతోంది. కొండ వైపు గీత తెగే చోట, గింజంత మేర, ఎడమకి వంగి ఉంది.

ఆ వంపు ఆమె ఆనాడూ చూసింది. ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలు. చిల్లు చూపించి, ఇక్కడేం చెయ్యమంటారని పై ఆయన్ని అడిగింది. ఆయన టీ తాగుతున్నాడు. "కలిపెయ్యమ్మా. నీళ్లు తిన్నగానే పోతాయి," అన్నాడు. ఆమె స్కేలు పెట్టి కలిపేసింది. నిమిషం కూడా పట్టలేదు. ఎక్కడ కలిపిందో ఎవరికీ తెలియనంత నున్నగా కుదిరిందని ఆ పూటంతా మురిసిపోయింది కూడా.

ఆనాటి పై ఆయనే ఈనాటి పెద్ద ఇంజనీరు.

మంగళవారం పొద్దున ఆమె గుడ్డ పటం చుట్ట చంకన పెట్టుకుని పక్క గదికి వెళ్లింది. అక్కడ ఏడాదిగా పరిశోధన బృందం ఒకటి పని చేస్తోంది. నెలరోజుల వాన ఒక్క మధ్యాహ్నంలో కురిసే కాలం వచ్చింది కదా, అంత నీరు ఊళ్లో ఎటు పోతుంది, ముందు ఎవరిని హెచ్చరించాలి, ఎక్కడ చోటివ్వాలి అన్నది వాళ్ల పని. నాలుగు నగరాల వాళ్లు కలిసి చేస్తున్నారు. ఒక ఊళ్లో తేలింది మిగతా మూడు ఊళ్లకీ పనికొస్తుంది. ఇక్కడి బృందానికి పెద్ద ఒక అమ్మాయి. ఎప్పుడూ వానల గురించే మాట్లాడుతుందని ఆఫీసంతా ఆమెని వానమ్మాయి అంటారు. పల్లపు వీధి నోటీసులు ఆమె ఇవ్వలేదు. ఆఫీసులో ఉన్న నకలు ఆధారంగా ఆమె వేసిన చిత్తుపటం చూసి పైవాళ్లు ఇచ్చేశారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆమె సరిగ్గా భోజనం చెయ్యడం లేదని మిగతావాళ్లు చెప్పుకుంటున్నారు.

ట్రేసరమ్మ పటం పరిచి, వంపు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్పేసి, తిట్లు తినడానికి సిద్ధపడి నిలబడింది.

వానమ్మాయి తిట్టలేదు. ఆ గింజంత వంపు మీదికి ఒంగి, భూతద్దం పెట్టి చూసింది. తల ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"ఎనిమిది నెలలుగా మా లెక్కలో మూడోవంతు నీళ్లు మాయమైపోతున్నాయండీ. కొండ దగ్గర దిగుతున్నాయి, తూర్పు కాలవలోకి మాత్రం రావడం లేదు. తప్పు నాదేననుకుని మొత్తం మూడుసార్లు మొదటినుంచీ చేశాను. మీరొచ్చి చెప్పకపోతే నాలుగోసారి చేసేదాన్ని."

"అయితే ఆ నీళ్లు ఎటు పోతున్నట్టు?"

"అదే కదండీ," అంది వానమ్మాయి. ఆ రెండు మాటల్లోనూ భయం లేదు, పండగ ముందు పిల్లల గొంతులో ఉండే ఆత్రం ఉంది.

కొండ దగ్గర నీళ్లలో రంగు కలిపి, ఎక్కడ తేలుతుందో చూడాలి. దానికి పెద్ద ఇంజనీరు సంతకం కావాలి. ట్రేసరమ్మే వెళ్లింది. ఆయన మొత్తం విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు తవ్వడమన్నాడు. నోటీసులు వెళ్లిపోయాయి, పైవాళ్లకి ఏం చెప్పాలన్నాడు. ఆమె కదలకపోయేసరికి గొంతు తగ్గించి, "ఆ నకలు మూలన పొడి అక్షరాలు ఎవరివమ్మా?" అన్నాడు.

అవి ఆమెవే. నకలు తీసినవాళ్లు మూలన తమ పొడి అక్షరాలు వెయ్యాలి. చెప్పినవాళ్లు ఏమీ వెయ్యక్కర్లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె అన్నం ముందు కూర్చుని కంచంలో గీతలు గీస్తూ ఉండిపోయింది. భర్త గడియారాలు బాగుచేస్తాడు. చిన్న చప్పుడులో తేడా కూడా పట్టేసే మనిషి. ఏమైందని అడగలేదు, ఆమే చెప్పేదాకా ఆగాడు. చెప్పాక, ఉద్యోగం పోతుందా అని అడిగాడు. తెలియదంది. "పోతే నా పక్కన కూర్చో. గడియారాల ముళ్లు సరిచేద్దువుగాని. అవీ గీతలే," అన్నాడు. అత్తగారు పక్కగదిలోంచి, ఆ సంగతి తర్వాత, ముందు అన్నం తినమను అంది.

బుధవారం పొద్దున వానమ్మాయి బల్ల మీద అనుమతి కాగితం ఉంది. పెద్ద ఇంజనీరు సంతకం చేశాడు. పక్కన ఒక్క ముక్కా రాయలేదు.

గురువారం ఏడు గంటలకి ఊరు ఊరంతా మురుగుమూతల దగ్గర కాపలా కాసినట్టయింది. మొత్తం పంతొమ్మిది మూతలు తెరిచారు. ఒక్కో మూత దగ్గర ఇద్దరు. పరిశోధన బృందం వాళ్లు ఆరుగురే. మిగతా అందరూ డ్రైనేజీ కూలీలు, కాలేజీ విద్యార్థులు, పల్లపు వీధి ఆడవాళ్లు. ఇస్త్రీ ఆమె తన వీధి మూత పక్కనే పీట వేసుకుని కూర్చుంది. కూలీల మేస్త్రీ ముప్పయ్యేళ్లుగా ఊరి కాలవల్లో దిగినవాడు. నీళ్లు కచ్చితంగా కూరగాయల మార్కెట్ కిందుగా పోతున్నాయని, కాకపోతే మీసం తీయించుకుంటానని పందెం కాశాడు.

కొండ దిగువ మూత దగ్గర వానమ్మాయి చేతితొడుగు వేసుకుని డబ్బా తెరిచింది. లోపల ఇటుకపొడిలాంటి ఎర్రటి పొడి. మనుషులకీ చేపలకీ ఏ హానీ లేనిదని ముందే అందరికీ చెప్పారు. రెండు గరిటెలు కింద పారే నీళ్లలో వేసింది. ఎర్రపొడి నీటిని తాకగానే పచ్చగా అయిపోయింది. మామూలు పచ్చ కాదు, చీకట్లోంచి వెలుగుతున్న పచ్చ. ట్రేసరమ్మ అంతకుముందు ఎక్కడా చూడని రంగు. అది ఒకసారి సుడి తిరిగి, తోకలా సాగి, ఇటుకల కిందికి దూరి మాయమైపోయింది.

తర్వాత ఎదురుచూడ్డమే పని. ఎనిమిదైంది. తొమ్మిదైంది. పల్లపు వీధి మూత నుంచి ఇస్త్రీ ఆమె ప్రతి పావుగంటకీ ఫోన్ చేసి, సబ్బు నురగ తప్ప ఏమీ లేదని చెబుతోంది. తూర్పు కాలవలో ఏమీ లేదు. మార్కెట్ దగ్గర కూడా ఏమీ లేదు. మేస్త్రీ మీసం తడుముకుంటూ అటూ ఇటూ తిరిగాడు.

పదింబావుకి ఫోన్ మోగింది. చేసింది కాపలా వాళ్లలో ఎవరూ కాదు. ఊరికి పడమట, నది ఒడ్డున, కలప అడితి దాటాక రాతిమెట్లున్నాయి. అక్కడ పడవకి తారు పూసుకుంటున్న ఒకాయన, మెట్ల సందుల్లోంచి పచ్చటి నీళ్లు వస్తున్నాయని, ఇదేమైనా విషమా అని ఆఫీసుకి ఫోన్ చేశాడు.

అందరూ వెళ్లి చూశారు. తూర్పుకి పోతున్నాయని పటం చెప్పిన నీళ్లు పడమటికి పోతున్నాయి. రాళ్ల సందుల్లోంచి ఆ వెలుగుపచ్చ సన్నటి పాయలుగా జారి, నది గోధుమరంగులో కలిసి, పలచబడి, పోతోంది. కొండకీ ఈ మెట్లకీ మధ్య మూడు మైళ్ల ఊరు ఉంది. ఇళ్లు, బళ్లు, రోడ్లు, ఆస్పత్రి. ఇంత ఊరి కింద ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పకుండా ఒక ఏరు నడుస్తోంది. మేస్త్రీ, "మీసం రేపు తీయిస్తానమ్మా. ఇవాళ దీన్ని చూడనివ్వండి," అన్నాడు.

మధ్యాహ్నం నుంచి దారి వెతకడం మొదలైంది. మేస్త్రీ దగ్గర ఒక ఇనుప కడ్డీ ఉంది. నిలువెత్తు, పైన చెక్క బిళ్ల. నేల మీద నిలబెట్టి, బిళ్లకి చెవి ఆనిస్తే కింద పైపుల్లో లీకులు వినబడతాయి. నది మెట్ల దగ్గర మొదలుపెట్టి, పది అడుగులకోసారి ఆగి, కళ్లు మూసుకుని వింటూ నడిచాడు. విన్న చోటల్లా ట్రేసరమ్మ సుద్దముక్కతో నేల మీద గుర్తు పెట్టింది. వానమ్మాయి ఫోన్లో ఆ చోటు ఎక్కించింది. గీత రోడ్డు దాటింది. సినిమాహాలు గోడ వెంట వంగింది. ఒకచోట మేస్త్రీ కడ్డీ ట్రేసరమ్మకి ఇచ్చి, మీరూ వినండమ్మా అన్నాడు.

ఆమె చెవి ఆనించింది. మొదట ఏమీ లేదు. తర్వాత, చాలా కిందనుంచి, పెద్ద జంతువేదో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఒక నిండు చప్పుడు. ఆగని చప్పుడు. పైన ఆటోలు పోతున్నాయి, ఎవరో బేరం ఆడుతున్నారు. ఆమె కడ్డీ వదల్లేకపోయింది.

శుక్రవారం పది గంటలకి సుద్ద గుర్తులు ఆమె ఉండే వీధిలోకి తిరిగాయి. ఆమె సుద్దముక్క అరిగిపోతే ఇంకోటి తీసుకుంది. మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. మేస్త్రీ మూడంతస్తుల భవనం ముందు ఆగాడు. గేటు దగ్గర విన్నాడు, నడవలో విన్నాడు, పెరట్లో బట్టలుతికే బండ మీద కడ్డీ పెట్టి విన్నాడు. అక్కడ చెవి ఆనించి ఇక తియ్యలేదు.

"ఎవరిల్లమ్మా ఇది?" అని వానమ్మాయి అడిగింది.

"మాదే. కింది వాటా," అంది ట్రేసరమ్మ.

బండ చుట్టూ నాచు గోకితే రెండు పక్కలా ఇనుప కడియాల కోసం చెక్కిన గాళ్లు బయటపడ్డాయి. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఆమె బట్టలు బాదుతున్న బండ, అది ఒక మూత. నలుగురు కూలీలు గునపాలు పెట్టి పక్కకి జరిపారు. చల్లటి గాలి ఒక్కసారిగా పైకి కొట్టింది. మురుగు వాసన కాదు, తడిమట్టి వాసన. వానమ్మాయి కొండ దగ్గరున్న వాళ్లకి ఫోన్ చేసి మళ్లీ రంగు వెయ్యమంది.

పన్నెండు దాటింది. ఎండ నిట్టనిలువుగా బావిలాంటి ఆ గుంటలోకి దిగింది. ట్రేసరమ్మ బోర్లా పడుకుని తల లోపలికి పెట్టింది. రెండు నిలువుల లోతున ఇటుకల కమాను. సన్నటి ఇటుకలు, ఒక్కొక్కటీ నిలువుగా పేర్చి, ఎక్కడా వేలు దూరే సందు లేకుండా, మనిషి నిలబడి నడిచేంత ఎత్తున కట్టారు. ఎవరు కట్టారో, ఎందరు కట్టారో, ఏ పుస్తకంలోనూ లేదు. అడుగున నీళ్లు తేటగా పోతున్నాయి. చూస్తుండగానే కొండ వైపు చీకట్లోంచి పచ్చటి వెలుగు వచ్చింది. మెల్లగా, తొందర లేకుండా. కమాను కప్పు మీద ఆ వెలుగు అలలుగా కదిలింది. ఇటుకలన్నీ ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించింది.

ఒకరి తర్వాత ఒకరు పడుకుని చూశారు. పై వాటాల వాళ్లు, పక్కింటి వాళ్లు, పల్లపు వీధి నుంచి నడిచొచ్చిన ఇస్త్రీ ఆమె. మేస్త్రీ తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని చూశాడు. అత్తగారు కర్ర పక్కన పెట్టి, కోడలు నడుం పట్టుకుంటే ఒంగి చూసి, "ఇంత పని చేసినవాళ్లు ఒక్కరైనా పేరు చెక్కుకోలేదే," అంది. భర్త కడ్డీకి చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. "ఏటి ఒడ్డున ఇల్లు కావాలని ఎప్పుడూ పోరేదానివి. ఒడ్డు దాకా ఎందుకు, ఏటి మీదే కాపరం పెట్టించాను," అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు.

పెద్ద ఇంజనీరు ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. అందరూ అయ్యాక, ఇస్త్రీ చొక్కాతోనే ఆ తడినేల మీద పడుకుని చూశాడు. లేచాక మోచేతులకి అంటిన మట్టి దులుపుకోలేదు.

లోపలికి కెమెరా దింపి, తాడు వదులుతూ నీళ్లతో పోనిస్తే మిగతా సంగతీ తెలిసింది. నది వైపు మూడొందల అడుగుల దూరంలో, పైవంతెన పునాది స్తంభాలు రెండు కమానుని చీల్చుకుని దిగి ఉన్నాయి. వాటి చుట్టూ రాళ్లూ కాంక్రీటూ పడి కాలవ సగానికి పైగా పూడిపోయింది. మామూలు నీళ్లు సందుల్లోంచి పోతున్నాయి. పెద్దవాన పడితే పోలేక వెనక్కి తన్ని, పక్కకాలవ పట్టుకుని పల్లంలోకి పొంగుతున్నాయి. పల్లపు వీధి నీళ్లకి అడ్డం కాదు. దారి మూసేస్తే నీళ్లే ఆ వీధిలోకి వచ్చి పడుతున్నాయి.

శనివారం పైవాళ్ల ముందు మీటింగు జరిగింది. పాత నకలు బల్ల మీద పెట్టి, మూలనున్న పొడి అక్షరాలు ఎవరివని ఒకాయన అడిగాడు. ట్రేసరమ్మ లేచి నిలబడింది. ఆమె నోరు తెరిచేలోపే పెద్ద ఇంజనీరు మాట్లాడాడు.

"ఆ గీత కలపమన్నది నేను. వంపు ఉందని ఆవిడ చూపించింది. నేను పటం వైపు చూడను కూడా లేదు. టీ తాగుతున్నాను."

ఆయన కూర్చున్నాడు.

పల్లపు వీధి నోటీసులు వెనక్కి తీసుకున్నారు. వానలు రావడానికి రెండు నెలలుంది. ఆలోగా పూడిక తియ్యాలి, స్తంభాల పక్కనుంచి కొత్త దారి వెయ్యాలి. మూతలు ఎక్కడెక్కడున్నాయో వెతకాలి. అదంతా అయ్యేదాకా నీళ్లు మూతల్లోంచి పొంగొచ్చు కాబట్టి, కమాను మీదున్న ఇళ్లలో కింది వాటాల వాళ్లు ఖాళీ చెయ్యాలి.

కొత్త పటం గీసే పని వేరేవాళ్లకి ఇమ్మంటారా అని వానమ్మాయి అడిగింది. వద్దంది ట్రేసరమ్మ. ఆదివారం ఆఫీసులో ఒక్కతే కూర్చుని, సుద్ద గుర్తులన్నీ కలుపుతూ గీసింది. వినని చోట కలపలేదు. అక్కడ చుక్కలు పెట్టి, పక్కన "తెలియదు" అని రాసింది. అలాంటి చోట్లు మొత్తం ఏడు తేలాయి. తన వీధి వచ్చాక, తన భవనం గడి దగ్గర ఒక్క క్షణం ఆగి, దానికి ఎర్రరంగు నింపింది. మూలన పొడి అక్షరాలు కాదు, పూర్తి పేరు రాసింది.

సోమవారం సామాను పై అంతస్తుకి చేరవేస్తుంటే ఇస్త్రీ ఆమె ఇద్దరు ఆడవాళ్లని వెంటబెట్టుకుని వచ్చింది. ఎవరూ పిలవలేదు. బియ్యం డబ్బా ఎత్తి భుజాన పెట్టుకుంటూ, "మా ముందుగది ఖాళీయే ఉందమ్మా, వచ్చెయ్యండి. ఇప్పుడు ఊళ్లో పొడినేల మాదే," అంది. అందరూ నవ్వారు. ఆ గీత గీసింది తనేనని ట్రేసరమ్మ మెట్ల మీద ఆపి చెప్పింది. ఇస్త్రీ ఆమె డబ్బా భుజం మార్చుకుంది. "నాలుగు రోజులు అన్నం తినలేదు నేను," అంది చివరికి. తర్వాత రెండు మెట్లు ఎక్కి, వెనక్కి తిరిగి, "ఈ డబ్బా ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది.

మంగళవారం నాలుగు నగరాల వాళ్లూ తెర మీద కలిసే రోజు. ఎప్పుడూ వానమ్మాయే మాట్లాడుతుంది. ఆ రోజు ట్రేసరమ్మని కూర్చోబెట్టింది. తెర మీద గళ్లు గళ్లుగా ముప్పై ముఖాలు. కొందరి వెనక పగలు, కొందరి వెనక సాయంత్రం. ఆమె గుడ్డ పటం చిల్లు చూపించింది. స్కేలు పెట్టి ఎలా కలిపిందో చూపించింది. ఆమె చెప్పినదంతా వానమ్మాయి వాళ్లకి తెలిసిన భాషలో తిరిగి చెప్పింది. మీ మీ ఊళ్లలో నకళ్లు తీసినవాళ్లు ఇంకా ఉంటే, వాళ్లని పిలిచి అడగండి అని ట్రేసరమ్మ ముగించింది.

ఏవో లెక్కలు అడుగుతారనుకుంది, ఎవరూ అడగలేదు.

అప్పుడు కింది వరసలో చివరి గడిలో, అందరికీ వెనగ్గా కుర్చీలో కూర్చున్న ఒక ముసలాయన చెయ్యెత్తాడు. భుజం దాకానే ఎత్తాడు. ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసి, లేచి, కెమెరా దగ్గరికి వచ్చాడు. మధ్యవేలు మీద, ట్రేసరమ్మ వేలికి ఉన్నట్టే, కలం ఒరిపిడికి కాసిన కాయ తెర మీద పెద్దగా కనబడింది. ఆయన ఏదో చెప్పబోయి, ఆగి, గొంతు సవరించుకున్నాడు.

వానమ్మాయి అర్థం చెప్పడానికి ముందుకి ఒంగింది. ట్రేసరమ్మ ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆయన్ని నెమ్మదిగా చెప్పనివ్వు," అంది.